స్టెయిన్‌లెస్ అంటే సరిపోదు, నంబరు చెప్పాలి

కిందటేడు వానలు తగ్గాక మేము నలుగురైదుగురు రైతులం కలిసి బత్తాయి అంట్లు సొంతంగా కట్టుకుందామని దిగాం. కొన్న మొక్క ఏ చెట్టు మొగ్గతో పుట్టిందో తెలియక, ఏండ్లకేండ్లు పెంచినాక కాపు సరిగా రాక దెబ్బతిన్నవాళ్లు మాలో ఉన్నారు. అందుకని రంగపూర్ నిమ్మ మొలకలు ముందే పెంచి పెట్టుకున్నాం. మంచి కాపున్న సాత్‌గుడి చెట్ల నుంచి మొగ్గ కొమ్మలు తెచ్చుకున్నాం. అంటు కట్టడంలో చేయి తిరిగిన ఒక పెద్దాయనను పిలిపించాం. ఆయన తన పాత చాకు తనే తెచ్చుకున్నాడు. మా కోసం పట్నంలో డజను మడత చాకులు కొన్నాం. అద్దంలా మెరుస్తున్నాయి. బ్లేడు మీద స్టెయిన్‌లెస్ స్టీల్ అని ఇంగ్లీషులో అచ్చు గుద్ది ఉంది.

మొదటి రోజు పది మొక్కలు కట్టేసరికే చాకు మొద్దుబారింది. అంటుకు బెరడు మీద టీ అక్షరం ఆకారంలో గాటు పెట్టాలి. గీత గీసినట్టు రావాలది. మా చాకులతో బెరడు తెగలేదు, చిరిగింది. మొగ్గను చెక్కేటప్పుడు కింద కట్టె నలిగింది. సానరాయి మీద రుద్దితే పదును వచ్చినట్టే వచ్చి మళ్లీ పోయింది. పెద్దాయన చాకు మాత్రం సాయంత్రం దాకా ఉల్లిపొర తీసినట్టు తీసింది. ఆయన కట్టినవి దాదాపు అన్నీ చిగురించాయి, మేము కట్టినవి సగం ఎండిపోయాయి. మా చేతిలో పనితనం తక్కువన్నది నిజమే, తప్పంతా చాకు మీదకు తోయడం లేదు. కానీ పెద్దాయన మా చాకుతో రెండు మొక్కలు కట్టి చూసి, "ఇది చెంచా, కత్తి కాదు" అని గట్టు మీద పడేశాడు.

ఆ మాట పట్టుకుని మేము కొన్ని నెలలు తిరిగాం. కమ్మరిని అడిగాం, లేతు మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లను అడిగాం, దొరికింది చదివాం. పెద్దాయన వెక్కిరింపుగా అన్న మాట అక్షరాలా నిజమని తేలింది.

స్టెయిన్‌లెస్ స్టీల్ అనేది ఒకే లోహం పేరు కాదు, ఒక పెద్ద కుటుంబానికి ఇంటిపేరు లాంటిది. ఉక్కులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటే దాన్ని స్టెయిన్‌లెస్ అంటారు. ఆ క్రోమియం గాలి తగిలి కంటికి కనపడని పలచని పొర కడుతుంది. ఆ పొరే చిలుము పట్టకుండా కాపాడుతుంది. ఆ పేరుకు అంతే అర్థం. కత్తి ఎంత తెగుతుంది, పదును ఎన్ని గంటలు నిలుస్తుంది అనేదాని గురించి ఆ పేరు ఒక్క ముక్క చెప్పదు. పదును నిలబెట్టేది ఉక్కులో ఉన్న కార్బన్, ఆ ఉక్కును కాల్చి చల్లార్చిన తీరు. పత్తి విత్తనం సంచి మీద రకం పేరు లేకుండా 'హైబ్రిడ్' అని ఒక్క ముక్క రాసి అమ్మితే మనం కొంటామా? చాకు మాత్రం అట్లనే కొంటున్నాం.

మన ఇంట్లో గిన్నెలు, గ్లాసులు, పాల క్యాన్లు ఎక్కువగా 304, 202 అనే రకాలు. 304లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. నికెల్ ఖరీదైనది కాబట్టి అది తగ్గించి మాంగనీసు కలిపి చేసేది 202. రెండింట్లోనూ కార్బన్ చాలా తక్కువ. 304లో 0.08 శాతం మించదు. వీటిని ఎంత కాల్చి నీళ్లలో ముంచినా గట్టిపడవు. చింతపులుసు పోసినా చెక్కుచెదరని గిన్నె అవుతుంది గానీ కత్తి కాదు. పెద్దాయన చెంచా అన్నది దీన్నే.

కత్తికి పనికొచ్చేవి 400 వరుస నంబర్లు. అందులో అన్నిటికంటే చవకది 420. క్రోమియం 12 నుంచి 14 శాతం. కత్తులకు వాడే 420జే2లో కార్బన్ 0.26 నుంచి 0.40 శాతం దాకా ఉంటుంది. ఇది గట్టిపడుతుంది, కానీ ఒక హద్దు వరకే. తడిలో ఉన్నా తొందరగా చిలుము పట్టదు, పదును మాత్రం తొందరగా పోతుంది. ఆ కొసన 440సి ఉంది. కార్బన్ 0.95 నుంచి 1.20 శాతం, క్రోమియం 16 నుంచి 18 శాతం. పదును బాగా నిలుస్తుంది, ధర కూడా అట్లనే ఉంటుంది. అయితే ఒకసారి మొద్దుబారితే మన పొలం గట్టు మీది సానరాయికి లొంగదు. పక్కకు వంచి ఒత్తితే వాదర పెళుసుగా రాలుతుంది. ఈ రెంటికీ నడుమ కార్బన్ 0.5, 0.6 శాతం ఉండే రకాలున్నాయి. స్వీడన్‌లో చేసే 12సి27 అనేది అలాంటిదే, కార్బన్ 0.6, క్రోమియం 13.5 శాతం. రైతు జేబు చాకుకు ఈ నడిమి రకమే సరైనదని మా అభిప్రాయం. గట్టు మీద రాయితో పది నిమిషాల్లో పదును రావాలి, పూటంతా నిలవాలి. రెండూ కావాలంటే రెండు కొసలూ వదులుకోవాలి.

కార్బన్ ఎక్కువైతే మంచిదే కదా అని మేమూ అనుకున్నాం. కార్బన్ పెరిగితే అది క్రోమియాన్ని పట్టి తనలో కట్టేసుకుంటుంది. పొర కట్టడానికి మిగిలే క్రోమియం తగ్గుతుంది. అందుకే కార్బన్ పెంచినప్పుడల్లా క్రోమియం కూడా పెంచాల్సి వస్తుంది. యూరియా ఎక్కువ వేస్తే పంట ఎక్కువ వస్తుందనుకున్నట్టే ఇదీ.

ఇక నంబరు ఒక్కటీ చాలదు. అదే 420, అదే 440సి, సరిగా కాల్చి చల్లార్చకపోతే మెత్తగానే ఉంటుంది. ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ అనే కొలతతో కొలుస్తారు. వజ్రం మొన ఉన్న శంకువును 150 కిలోల బరువుతో ఉక్కులోకి ఒత్తి, ఎంత లోతు దిగిందో చూస్తారు. తక్కువ దిగితే ఎక్కువ అంకె. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ కంపెనీ జేబు చాకుల బ్లేడు దాదాపు 56 ఉంటుంది. 440సి మంచిగా చేస్తే 58 నుంచి 60 దాకా వస్తుంది. మెకానికల్ కోర్సు ఉన్న పాలిటెక్నిక్ ల్యాబుల్లో ఈ మిషన్ మామూలుగా ఉండేదే. డజను చాకులు కొనేముందు ఒకటి తీసుకుపోయి అడిగితే ఐదు నిమిషాల పని.

ఈ గొడవ కొత్తది కాదు. 1913లో ఇంగ్లండ్ షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుపాకి గొట్టాలు అరిగిపోకుండా ఉండే ఉక్కు వెతుకుతూ 12.8 శాతం క్రోమియం ఉన్న ఉక్కు పోశాడు. తుప్పు పట్టడం లేదని చూసి దీనితో కత్తులు చేయండని అక్కడి కత్తుల పనివాళ్లకు ఇచ్చాడు. వాళ్లు పాత ఉక్కును కాల్చినట్టే దీన్నీ కాల్చారు. కత్తి తెగలేదు. కోయని కత్తులు కనిపెట్టినోడని ఆయన్ను ఎగతాళి చేశారు. కాల్చే వేడి మార్చాక గానీ కుదరలేదు. నూరేళ్లు దాటినా మనకు ఆ కోయని కత్తులే అంటగడుతున్నారు. అప్పుడు తెలియక జరిగింది, ఇప్పుడు చవకగా మిగులుతుందని జరుగుతోంది. తేడా అంతే.

ల్యాబు దాకా పోకుండానే మనం చేసుకోగల పరీక్షలు మూడు ఉన్నాయి. పాత స్పీకరులో నుంచి తీసిన అయస్కాంతం ముక్క జేబులో వేసుకుని దుకాణానికి పోండి. బ్లేడుకు అంటించండి. పట్టుకోకపోతే, పట్టీ పట్టనట్టు ఉంటే అది గిన్నెల ఉక్కు, అక్కడే వదిలేయండి. గట్టిగా పట్టుకుంటే కత్తి జాతి ఉక్కే, కానీ గట్టిదా మెత్తదా అన్నది ఇంకా తెలియదు. దానికి కొత్త ఆకురాయి కావాలి. బ్లేడు వెన్ను మీద పిడి దగ్గర ఒకసారి రుద్దితే, ఆకురాయి జారిపోతే గట్టిది, పొడి రాల్చుకుంటూ కొరికితే మెత్తది. దుకాణదారు ఊరుకోడు, కాబట్టి ఒకటి కొని ఇంటికి తెచ్చి రుద్దండి. మూడోది నిమ్మకాయ. రసం పూసి కాసేపు ఉంచితే నల్లబడేది మామూలు కార్బన్ ఉక్కు, నల్లబడనిది స్టెయిన్‌లెస్. నిమ్మకాయకు మన వైపు కరువు లేదు, నకిరేకల్‌లో మార్కెట్టే ఉంది. మేము కొన్న డజను చాకులు మొదటి పరీక్షలోనే పోయాయి.

మరి కమ్మరి చేసిన కార్బన్ ఉక్కు చాకే మేలు కదా, ఈ స్టెయిన్‌లెస్ గోల ఎందుకు అని సంఘం మీటింగులో ఒక అన్న అడిగాడు. చాలా పనులకు ఆయన మాట నిజం. గౌడన్నల గీత కత్తి చూడండి. చెక్క మీద రాతిపొడి చల్లి నూరుకుంటారు. గడ్డం గీసేంత పదును ఉంటుంది. దాన్ని స్టెయిన్‌లెస్‌తో చేయమని ఏ గౌడన్న అడగడు. కోదాడ, మిర్యాలగూడ ఆయకట్టులో వరికోత మిషన్ల పాలయ్యాక కొడవలి పని తగ్గింది గానీ, గట్టు గడ్డికి, కంది కోతకు కక్కులు కొట్టించిన ఇనుప కొడవలే కావాలి.

కానీ అంటు చాకు సంగతి వేరు. బత్తాయి, నిమ్మ తోటలకు ఎక్సోకార్టిస్ అనే జబ్బు ఉంది. వైరస్ కంటే చిన్నదైన వైరాయిడ్ దానికి కారణం. వేరు మొక్క బెరడు పగిలి పెచ్చులు లేస్తుంది, చెట్టు గిడసబారుతుంది. మనం వేరు మొక్కగా వాడే రంగపూర్ నిమ్మ దానికి తొందరగా లొంగే రకం. ఈ జబ్బు పాకే దారుల్లో ముఖ్యమైనది మన చేతిలో చాకే. జబ్బున్న చెట్టు కొమ్మ కోసి, అదే చాకుతో ఇంకో మొక్కకు గాటు పెడితే అంటుకుంటుంది. పైకి కనపడటానికి ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ చాకు ఎన్ని తోటలు తిరిగి ఉంటుందో లెక్క కట్టుకోండి. మొగ్గ కొమ్మ మంచి చెట్టు నుంచే తేవాలన్నది మొదటి జాగ్రత్త, దానికి ఏ చాకూ బదులు కాదు.

మంట మీద కాల్చినా, స్పిరిట్‌తో తుడిచినా ఈ వైరాయిడ్‌ను నమ్మకంగా చంపలేం. బట్టలకు వాడే బ్లీచింగ్ ద్రావణం ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపి, చెట్టు మార్చినప్పుడల్లా చాకు ముంచి తీయాలి. ఇక్కడే కార్బన్ ఉక్కు ఓడిపోతుంది. బ్లీచింగ్ తగిలిన చాకు ఒక్క రోజులోనే ఎర్రగా చిలుము పట్టి వాదర గరుకు తేలుతుంది. చాకు పాడవుతుందని రైతు ముంచడం మానేస్తాడు. మానేస్తే జబ్బు పాకుతుంది. ముంచినా పాడుకాని, అయినా పదును నిలిచే చాకు కావాలి. గిన్నెల ఉక్కు ముంచితే పాడుకాదు గానీ తెగదు, కమ్మరి చాకు తెగుతుంది గానీ ముంచనివ్వదు. మేము నడిమి రకం స్టెయిన్‌లెస్ అడిగేది ఈ పని కోసమే. ఆ స్టెయిన్‌లెస్‌ను కూడా బ్లీచింగ్‌లో నానబెట్టి వదిలేస్తే చిన్న చిన్న గుంటలు పడతాయి. పని అయిపోగానే మంచినీళ్లతో కడిగి, తుడిచి, ఇంత కొబ్బరినూనె రాయాలి.

నిమ్మ గజ్జి తెగులు ఉన్న తోటలో కత్తిరింపులు చేసేవాళ్లకూ ఇదే మాట వర్తిస్తుంది. అది బ్యాక్టీరియా. వాన, గాలితో ఎక్కువ పాకుతుంది, కత్తెరలూ కత్తులూ కూడా మోస్తాయి.

కమ్మరిని ఈ మాటల్లో తక్కువ చేస్తున్నామని అనుకోవద్దు. లారీ కమాన్ పట్టీ ముక్కలో కార్బన్ 0.5, 0.6 శాతం ఉంటుంది. అంటే గీసిన లెక్కన, మనం పట్నంలో కొన్న మెరిసే చాకు కంటే పాత కమాన్ ముక్కే కత్తికి తగిన ఉక్కు. మా పక్కూరి కమ్మరి ఆ ముక్కను కొలిమిలో పెట్టి, రంగు చూసి, అయస్కాంతం ముట్టించి చూస్తాడు. దాదాపు 770 డిగ్రీలకు ఉక్కును అయస్కాంతం పట్టడం మానేస్తుంది. అది దాటి ఇంకొంచెం కాగాక నూనెలో ముంచుతాడు. తర్వాత సన్నని వేడి మీద పెళుసుదనం తీస్తాడు. థర్మామీటరు లేదు, తప్పు పోదు. అయితే 420, 440 రకాలకు వెయ్యి డిగ్రీలు దాటాలి, ఆ వేడి కదలకుండా నిలవాలి. బొగ్గు కొలిమిలో అది కుదిరే పని కాదు. అందుకే స్టెయిన్‌లెస్ చాకు కంపెనీ నుంచే రావాలి, దాని బాధ్యతా కంపెనీదే కావాలి.

ఈ ఉక్కు విద్య మనకు ఎవరో దానం చేసింది కాదు. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం అనే ఊరుంది. అక్కడి కొలిముల్లో మట్టి మూసల్లో పోసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కూర్చునేవారు. హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు సర్వే డాక్టరు అది చూసి రాసిన వివరాలు, ఆయన చనిపోయాక 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. మన ఉక్కు అనే మాటే ఇంగ్లీషులో వూట్జ్ అయిందని చెబుతారు. ఆ వూట్జ్ గుట్టు విప్పాలని లండన్‌లో మైకేల్ ఫెరడే 1819 నుంచి తంటాలు పడ్డాడు. స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి ఉక్కులో వెండి, ప్లాటినం, క్రోమియం కలిపి చూశాడు. స్టెయిన్‌లెస్ దారిలో తొలి అడుగుల్లో అదొకటి, దాని వెనక మన కొలిమి ఉంది. ఇంత చెప్పుకున్నాక కూడా ఈ రోజు మా పక్కూరి కమ్మరి కొడుకు హైదరాబాద్‌లో ఆటో నడుపుతున్నాడు. అతన్ని తప్పుపట్టలేం. సంవత్సరానికి నాలుగు కొడవళ్లు, రెండు గొడ్డళ్లు చేయించి ఇంటిల్లిపాదీ బతకమంటే ఎట్లా బతుకుతారు?

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. మంచి చాకును బండి మీద కరెంటు సాన పట్టేవాళ్లకు ఇచ్చేముందు చూసుకోండి. నిప్పురవ్వలు ఎగరేస్తూ పట్టిస్తే వాదర నీలంగా మారుతుంది. నీలం వచ్చిందంటే అక్కడి పదును గుణం పోయినట్టే, మళ్లీ ఎంత రుద్దినా నిలవదు. సానరాయి, నీళ్లు, ఓపిక, అంతే.

ఇప్పుడు సర్కారు సంగతి. కొడవలి, పార, గొడ్డలి, కొమ్మలు కత్తిరించే సికేచర్ కత్తెర, ఇవన్నీ 8201 అనే పద్దు కింద వస్తాయి. వ్యవసాయ పనిముట్లని జీఎస్టీ లేదు. అంటు చాకు, కొమ్మలు కోసే చాకు 8211 పద్దులో ఉన్నాయి. ఆ పద్దులో ప్రూనింగ్ నైఫ్ అని పేరు పెట్టి మరీ రాసి ఉంది. 2022 జూలై 18 నుంచి ఆ పద్దును 12 శాతం నుంచి 18 శాతానికి పెంచారు. పెన్సిల్ చెక్కే షార్పెనర్లు, చెంచాలు, గరిటెలు కూడా అదే వరుసలో పెరిగాయి. అదే కొమ్మను కత్తెరతో కోస్తే వ్యవసాయం, చాకుతో కోస్తే వంటింటి సామాను. మా చాకులను పెద్దాయన చెంచాలన్నాడని బాధపడ్డాం గానీ, ఢిల్లీలో మంచి చాకును కూడా చెంచాల వరుసలోనే కూర్చోబెట్టారు.

ఫ్రాన్స్‌లో 1890లో మొదలైన ఒపినెల్ అనే చాకు ఉంది. కొండ ప్రాంతపు రైతుల కోసం చేసిన మడత చాకు. ఇప్పటికీ ఒకే చాకును రెండు ఉక్కులతో చేస్తారు. బ్లేడు మీదే కార్బోన్ అనో, ఇనాక్స్ అనో గుద్ది ఉంటుంది. కొనేవాడు తన పనిని బట్టి తీసుకుంటాడు. ఒక చాకు మీద ఒక్క మాట గుద్దడానికి ఎంత ఖర్చవుతుంది? మన దగ్గర పురుగుమందు డబ్బా మీద మందు పేరు, శాతం లేకుండా అమ్మితే కేసవుతుంది. పనిముట్టు మీద మాత్రం ఏమీ రాయకపోయినా అడిగేవాడు లేడు.

మన సంఘం అడగాల్సింది ఇది. రైతుకు అమ్మే ప్రతి చాకు, కత్తెర, కత్తి మీద ఉక్కు నంబరు, గట్టిదనం అంకె గుద్దాలి. సర్కారు సబ్సిడీ మీద ఇచ్చే పనిముట్ల టెండరులో 'స్టెయిన్‌లెస్ స్టీల్' అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా ఆ రెండూ రాయాలి, పంచేముందు కొన్నిటిని తీసి పరీక్ష చేయించాలి. అంటు చాకులను, కత్తిరింపు చాకులను 8201 పద్దులోకి మార్చాలి. బ్యాంకు లోన్లు, గిట్టుబాటు ధర వదిలిపెట్టి చాకుల మీద పడ్డారేందని కొందరు నవ్వుతారు. నవ్వనీయండి. గిట్టుబాటు ధర కోసం కొట్లాడుతూనే ఉన్నాం, ఉంటాం. ఒక చెడ్డ చాకు చేసిన తప్పు మాత్రం ఆరేళ్ల తర్వాత తోటలో కనపడుతుంది. అప్పుడు దాన్ని ఏ మీటింగులో పెట్టినా వినేవాడు ఉండడు.

వచ్చే మండల సమావేశానికి ప్రతి సభ్యుడూ తన ఇంట్లో ఉన్న చాకులు, కత్తెరలు సంచిలో వేసుకుని రావాలని కోరుతున్నాం. అయస్కాంతం, ఆకురాయి, నిమ్మకాయలు మేము తెస్తాం. ఏది ఏ రకమో అందరి ముందు చూసి, దుకాణం పేరు లేకుండా రాసి పెట్టుకుందాం. ఎన్నిట్లో ఎన్ని గిన్నెల ఉక్కు తేలాయో ఆ లెక్కే మన వినతిపత్రానికి జత చేస్తాం. ఈ ఏడు అంట్లకు మేము నంబరున్న చాకులు నాలుగు, కమ్మరి చేసినవి నాలుగు సిద్ధం చేసుకున్నాం. ఏ చాకుతో ఎన్ని మొక్కలు కట్టామో, ఎన్ని పట్టాయో మొక్కకు చీటీ కట్టి రాస్తున్నాం. చిగుర్లు వచ్చాక ఆ లెక్క ఇదే పత్రికలో వేస్తాం.